పగటి నిద్ర కూడా డ్యూటీయే

మా అక్క కొడుకు ఈ ఏడాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాడు. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి పైడిభీమవరంలో మందుల కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్ట్ ఉద్యోగం, మూడు షిఫ్టులు. రెండోది విజయనగరంలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆఫీసు పని, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకు. మొదటిదాంట్లో జీతం నాలుగు వేలు ఎక్కువ, ఆ పైన నైట్ అలవెన్స్. "మావయ్యా, నువ్వు రెండూ చేశావు కదా, ఏది మంచిదంటావు?" అని ఫోన్ చేశాడు.

పన్నెండేళ్లు షిఫ్టుల్లో చేశాను. మూడేళ్లుగా పగటి ఆఫీసు వేళల్లో, అంటే జనరల్‌లో ఉన్నాను. వాడు అడగాల్సిన మనిషినే అడిగాడు. కానీ ఆ పూట ఫోన్‌లో ఏదీ తేల్చి చెప్పలేకపోయాను, ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచనే ఇది.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేశాడు. మా చిన్నప్పుడు మా వీధికి గడియారం మిల్లు కూతే. కూత వినబడగానే అమ్మ ఎసరు పెట్టేది, పక్కింటి పిన్ని టిఫిన్ క్యారేజీ సర్దేది. వీధిలో పది ఇళ్లుంటే ఏడెనిమిది ఇళ్లు మిల్లు మీద బతికినవే. నాన్న నైట్ చేసొచ్చి చోడంబలి తాగి పడుకున్నాడంటే మా అరుగు మీద ఎవరూ కూర్చుని మాట్లాడేవారు కాదు. మేం గోలీలు జేబులో వేసుకుని పక్క వీధికి పోయేవాళ్లం. అమ్మ గుమ్మంలో నిలబడి నోటి మీద వేలు పెట్టి, "నైట్ చేసొచ్చారు" అని గుసగుసగా చెబితే చాలు, చీటీ డబ్బుల కోసం వచ్చినాయన కూడా సాయంత్రం వస్తానని తిరిగి వెళ్లిపోయేవాడు. పగలు పడుకున్న మనిషిని మా వీధిలో ఎవరూ బద్ధకస్తుడనుకోలేదు. ఇవాళ నాన్న, రేపు ఎదురింటాయన, ఎల్లుండి పిన్ని మొగుడు. అందరి ఇళ్లలోనూ అదే నిద్ర.

నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఆ పరిస్థితి లేదు. పెళ్లయ్యాక విజయనగరం కంటోన్మెంట్ వైపు ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పక్కన టీచర్ గారు, పైన బ్యాంకు క్లర్కు, ఎదురుగా ఆర్టీసీ కండక్టర్. పొద్దున ఏడున్నరకి షిఫ్టు బస్సు దిగి ఇంటికొచ్చి, ఎనిమిదిన్నరకి పడుకునేవాణ్ని. తొమ్మిదింటికి స్కూలు ఆటోల హారన్లు. పదింటికి చేపలమ్మి. పదకొండింటికి గ్యాస్ బండ. మే నెలైతే మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయేది, ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేసేది. కిటికీకి పాత దుప్పటి కట్టినా అంచుల్లోంచి వెలుతురు గీతల్లా లోపలికి వచ్చేది. ఒకరోజు ఇంటి ఓనరు గారు మా ఆవిడని అడిగారట: "మీ ఆయనకి ఉద్యోగం లేదామ్మా? పగలల్లా ఇంట్లోనే కనిపిస్తున్నాడు." మా ఆవిడ ఆ మాట నాకు ఆర్నెల్ల తర్వాత చెప్పింది. ఆ వీధిలో నా నిద్ర విలువ తెలిసింది ఎదురింటి కండక్టర్‌కొక్కడికే, ఆయనవీ నైట్ హాల్టులే కాబట్టి.

షిఫ్టుల గురించి మాట్లాడేవాళ్లు రాత్రి మేలుకోవడం కష్టమంటారు. నిజమే, కష్టమే. కానీ పన్నెండేళ్ల తర్వాత నాకు తేలిందేమిటంటే, రాత్రి మేలుకోవడం కన్నా పగలు నిద్రపోవడమే కష్టం. మేలుకోవడానికి జీతమిస్తారు, అలవెన్స్ ఇస్తారు, టీ ఇస్తారు, పక్కన నలుగురు మనుషులుంటారు. నిద్రపోవడానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, చివరికి నిశ్శబ్దం కూడా. ఆ నిద్ర సరిగ్గా లేకపోతే మర్నాటి రాత్రి రియాక్టర్ (మందు తయారయ్యే పెద్ద పాత్ర) దగ్గర నిలబడే మనిషి సగం మనిషే. అందుకే నా వాదన ఒక్కటే. షిఫ్టు మనిషి పగటి నిద్రను డ్యూటీలో భాగంగా లెక్కపెట్టాలి. కంపెనీ లెక్కపెట్టాలి, ఇల్లు లెక్కపెట్టాలి, వీధి లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టే చోట షిఫ్టు ఉద్యోగం చెడ్డదేమీ కాదు. పెట్టని చోట ఎంత జీతమిచ్చినా అది నష్టమే.

సి షిఫ్టు రాత్రి పదింటికి ఎక్కుతుంది, పొద్దున ఆరింటికి దిగుతుంది. రెండింటి వరకు పెద్ద ఇబ్బంది ఉండదు. మూడు దాటాక ఒళ్లు చల్లబడటం మొదలవుతుంది. ఏసీ వల్ల కాదు, బయట ట్యాంకుల దగ్గర నిలబడినా అంతే. మన ఒంటి వేడి రోజు మొత్తంలో బాగా తగ్గేది తెల్లవారుజామునే. మా పనిలో అరగంటకోసారి ఉష్ణోగ్రత చూసి, ఒక్కో విడత తయారీకి ఉండే బ్యాచ్ రికార్డులో రాయాలి. తెర మీద 62.4 కనిపిస్తుంది, చేయి 64.2 అని రాస్తుంది. మందుల కంపెనీలో తప్పు అంకెను దిద్దకూడదు, వైట్‌నర్ పెట్టకూడదు. ఒక్క గీత కొట్టి, కింద అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. ఒకసారి ఆడిట్‌కి ముందు నా పాత రికార్డులు నేనే తిరగేశాను. ఏ షిఫ్టులోనైనా నావి గీతలు తక్కువే. కానీ ఉన్న గీతల్లో సగానికి పైగా రాత్రి మూడు, ఐదు మధ్య పడినవే. నెలల తరబడి, వేరే వేరే ప్రోడక్టుల్లో, అదే వేళలో. ఆ కాగితాలు చూస్తుంటే నా ఒంట్లో గడియారం ఒకటి ఉందని ఎవరో రాసి చూపించినట్టు అనిపించింది.

ఆ గడియారం కణాల స్థాయిలో ఎలా పనిచేస్తుందో తేల్చినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. వాళ్లు పట్టుకున్నది పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో, కానీ మనలోనూ అదే తీరు. వెలుతురు పడితే అది పగలని, చీకటి పడితే రాత్రని సర్దుకుంటుంది. సి షిఫ్టు దిగి బస్సులో కూర్చున్న మనిషి ముఖం మీద పొద్దుటి ఎండ పడిందంటే, లోపలి గడియారం 'తెల్లారింది, లే' అంటుంది. నేను చివరి నాలుగేళ్లూ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బస్సెక్కేవాణ్ని. అరసవల్లి సూర్యనారాయణ స్వామిని రథసప్తమికి తప్పకుండా చూసే మా అమ్మకి, కొడుకు సూర్యుణ్ని తప్పించుకుని ఇంటికి రావడం చాలా బాధగా ఉండేది. పొద్దెక్కాక పడుకుంటే ఇంటికి దరిద్రమని ఆవిడ పుట్టింట్లో నేర్చుకుంది. అదే ఆవిడ మా నాన్న నిద్రకి ముప్పై ఏళ్లు కాపలా కాసింది. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఒంటికి జరిగే నష్టం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనూ, మళ్లీ 2019లోనూ రాత్రి షిఫ్టు పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న వర్గంలో పెట్టింది. బహుశా అన్న మాటను వదిలేసి భయపెట్టకూడదు, ఆ మాటను సాకుగా తీసుకుని కొట్టిపారెయ్యనూ కూడదు. ప్రమాదాల సంగతీ అంతే. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం 1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగింటికి. భోపాల్ గ్యాస్ లీకు 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి. చెర్నోబిల్ అణు ప్రమాదం 1986 ఏప్రిల్ 26 రాత్రి ఒకటీ ఇరవైమూడుకి. వీటికి కారణాలు ఎన్నో ఉన్నాయి, యంత్రాలవి, యాజమాన్యాలవి. అన్నీ నిద్ర మీదికి నెట్టను. కానీ మూడింట్లోనూ ఆ గదుల్లో నిలబడినవాళ్లు నైట్ షిఫ్టువాళ్లే.

నా సంగతి చిన్నది. 2016 ఎండాకాలం. సి షిఫ్టు చివర్లో నా రిలీవర్, అంటే నా తర్వాత డ్యూటీ ఎక్కాల్సినవాడు, రాలేదు. బ్యాచ్ మధ్యలో ఉంది, వదిలి వెళ్లడానికి లేదు. షిఫ్టు ఇన్‌ఛార్జ్ "ఈ ఒక్క పూట" అన్నాడు. రాత్రి పదింటి నుంచి మధ్యాహ్నం రెండు వరకు డబుల్ డ్యూటీ చేశాను. ముందురోజు బస్సు తప్పి బండి మీద వెళ్లాను కాబట్టి తిరిగి బండి మీదే బయల్దేరాను. నాతవలస జంక్షన్ దగ్గర హైవే వదిలి విజయనగరం రోడ్డెక్కడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తుంది ఎర్రమట్టి. బండి రోడ్డు దిగిపోయి ఒరిగి ఉంది, చక్రం ఇంకా తిరుగుతోంది, నా ముందు నాలుగడుగుల్లో తాటిచెట్టు. మేకలు కాసుకుంటున్న ముసలాయన పరుగెత్తుకొచ్చి, "ఏటి బాబూ, పగటేల తాగీసినావేటి?" అన్నాడు. డ్యూటీ చేసి వస్తున్నానని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, సీసాలో నీళ్లు నా తల మీద పోసి, చెట్టు నీడలో కూర్చోబెట్టాడు. మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఆ వారం ఇంట్లో చెప్పలేదు. ఓవర్‌టైమ్ డబ్బులు మాత్రం వచ్చాయి.

నాకు అప్పటికే ఫ్యాక్టరీల చట్టం ఉందని తెలుసు, అందులో ఏముందో తెలియదు. ఆ తర్వాతే చదివాను. 1948 నాటి చట్టం అది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చేదాకా అమల్లో ఉంది. పెద్దవాళ్లకి రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదనేది, దాటితే రెట్టింపు వేతనమనేది. అందులో నన్ను కదిలించింది 57వ సెక్షన్. షిఫ్టు అర్ధరాత్రి దాటి సాగే కార్మికుడికి సెలవు 'రోజు' అంటే, క్యాలెండర్‌లో రోజు కాదట. అతని షిఫ్టు ముగిసిన దగ్గర్నుంచి లెక్కపెట్టిన 24 గంటలట. అంటే నైట్ చేసినవాడి రోజు పొద్దున ఆరింటికి కొత్తగా మొదలవుతుందని చట్టం రాసినవాళ్లకి అప్పుడే తెలుసు. మరి సి షిఫ్టు దిగినవాణ్ని అదే రోజు పదకొండింటికి ట్రైనింగ్‌కి రమ్మనేవాళ్లకి ఎందుకు తెలియదు? పదకొండు అంటే నాకు అర్ధరాత్రి. జనరల్ షిఫ్టువాళ్లని రాత్రి రెండింటికి ట్రైనింగ్‌కి పిలిస్తే ఊరుకుంటారా?

2025లో మన రాష్ట్ర ప్రభుత్వం రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 గంటలు అలాగే ఉంటాయి కదా అంటారు. కానీ సాయంత్రం ఏడింటికి వచ్చే పదో గంట వేరు, తెల్లారాక వచ్చే పదో గంట వేరు. ఆ పదో గంట నేరుగా నిద్రలోంచి కోసుకునేది. ఈ తేడా చూడకుండా అందరికీ ఒకే కొలత పెట్టడాన్ని నేను ఒప్పుకోను.

షిఫ్టులు మార్చే పద్ధతిలో కూడా చాలా ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు. ఎ అంటే పొద్దున ఆరు నుంచి రెండు, బి అంటే రెండు నుంచి రాత్రి పది. ఎ తర్వాత బి, బి తర్వాత సి. ఇలా ముందుకు తిప్పితే ఒక షిఫ్టు దిగిన మనిషికి మళ్లీ ఎక్కడానికి 24 గంటలుంటాయి. మధ్యాహ్నం రెండింటికి దిగితే మర్నాడు రెండింటికి ఎక్కుతాడు. వెనక్కి తిప్పితే, అంటే సి తర్వాత బి, బి తర్వాత ఎ వేస్తే, మధ్యలో వీక్లీ ఆఫ్ పడకపోతే మిగిలేది 8 గంటలే. అందులోనే బస్సు, స్నానం, తిండి, నిద్ర. పైగా మన లోపలి గడియారం 24 గంటల కన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం అలవాటు చేసుకోవడం తేలిక, పెందలాడే పడుకోవడం కష్టం. నేను చేసిన మొదటి చోట వెనక్కి తిప్పేవారు. ఎవరికి ఏ షిఫ్టో రాసే రోస్టర్ శనివారం సాయంత్రం బోర్డు మీద పెట్టేవారు, సోమవారం నుంచి అమలు. పెళ్లికి వస్తానని చెప్పాలన్నా, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలన్నా శనివారం దాకా ఆగాల్సిందే. రెండో చోట ముందుకు తిప్పేవారు, నెల రోస్టర్ ముందే చేతికిచ్చేవారు. జీతం అక్కడ తక్కువ. అయినా నేను మనిషినయ్యింది అక్కడే.

షిఫ్టుల మేలు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టే. మాతో పనిచేసే రణస్థలం, లావేరు వైపు కుర్రాళ్లలో ఎకరమో అరెకరమో ఉన్నవాళ్లు జనరల్ ఇస్తామన్నా వద్దనేవారు. బి షిఫ్టు వారం పొద్దున్నంతా పొలంలో ఉండొచ్చు. ఊడ్పుల రోజుల్లో షిఫ్టులు ఒకరితో ఒకరు మార్చుకునేవారు. నాకు పొలం లేదు గానీ, ఎ షిఫ్టు వారంలో మధ్యాహ్నం మూడున్నరకల్లా ఇంట్లో ఉండేవాణ్ని. నాన్న కంటి ఆపరేషన్ పనులన్నీ ఒక్క సెలవు కూడా పెట్టకుండా చేయించగలిగాను. తహసీల్దార్ ఆఫీసు, బ్యాంకు, కరెంటాఫీసు, అన్నీ పనిరోజుల్లో పగటిపూట తెరిచి ఉండేవే. ఇప్పుడు జనరల్‌లో పాప ఆధార్‌లో పేరు దిద్దించడానికి ఒక క్యాజువల్ లీవు పెట్టాను. ఆఫీసు వేళల ఉద్యోగం చేసేవాడికి మిగతా ఆఫీసులన్నీ మూసి ఉన్నట్టే.

అయితే జనరల్‌కి వచ్చాక నేను పోగొట్టుకున్నవాటిలో పెద్దది రిలీవర్.

షిఫ్టులో పని చెయ్యనివాళ్లకి ఆ మాటలో ఉన్న హాయి తెలియదు. ఆరింటికి పావుగంట ముందు తలుపు తెరుచుకుని ఒక మనిషి వస్తాడు. తల తడిగా ఉంటుంది, సబ్బు వాసన. ఇద్దరం లాగ్‌బుక్ మీద వంగుతాం. బ్యాచ్ ఇక్కడుంది, ఈ వాల్వు మూసే ఉంది, ఆ పంపు చప్పుడు చేస్తోంది చూసుకో, శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లింది, రిజల్ట్ రాలేదు. చెప్పాల్సింది చెప్పాక సంతకం పెడతాను, కింద ఆయన సంతకం పెడతాడు. ఆ రెండో సంతకం పడ్డాక అది నా బ్యాచ్ కాదు. నాకు తెలిసిన నమ్మకాల్లో ఇదొకటి. గేటు దాటేలోపు తల ఖాళీ అయిపోతుంది.

జనరల్‌లో ఆ రెండో సంతకం పెట్టేవాడు లేడు. ఆరింటికి కుర్చీలోంచి లేస్తాను, పని నాతోపాటే బస్సెక్కుతుంది. రాత్రి తొమ్మిదీ నలభైకి వాట్సాప్ గ్రూపులో 'అర్జెంట్' అని వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర ఫోన్ మోగుతుంది. ఏ పూట డ్యూటీలో ఉన్నానో, ఏ పూట లేనో నాకే తెలియని టెన్షన్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. షిఫ్టులో నా రాత్రులు తీసుకున్నారు, కానీ ఏవి తీసుకున్నారో రాసిచ్చి తీసుకున్నారు.

ఇంత చెప్పాక కూడా, ఇప్పుడు మళ్లీ షిఫ్టుకి వెళ్తావా అంటే వెళ్లను. కారణం పాప. షిఫ్టుల రోజుల్లో మూడు వారాల్లో రెండు వారాలు దానితో కలిసి రాత్రి అన్నం తినేవాణ్ని కాదు. బి వారంలో అయితే అది స్కూలుకెళ్లేప్పుడు నాకు నిద్ర, నేనొచ్చేప్పటికి దానికి నిద్ర. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం ఊరు ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉంటే, నేను ప్లాంటులో ఉన్న ఏళ్లే ఎక్కువ. నిరుడు పాపని భుజాల మీద ఎక్కించుకుని సిరిమాను చూపించాను. పాప సిరిమాను మీదికి అరటిపండు విసిరింది, తగల్లేదు, మళ్లీ విసురుతానంది. ఆ సాయంత్రానికి నేను ఏ అలవెన్సుతోనూ వెల కట్టలేను.

ఆడవాళ్ల సంగతి వేరే వ్యాసమంత ఉంది, అయినా వదల్లేను. మా వదిన స్టాఫ్ నర్సు. నైట్ అంటే ఆవిడకి రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. ఇంటికొచ్చేసరికి తొమ్మిది. నేను నైట్ చేసొస్తే అంబలి గ్లాసు చేతికొచ్చేది, తలుపు దగ్గరికి వేసేవారు. వదిన నైట్ చేసొస్తే కొంగు బిగించి పొయ్యి దగ్గరికి వెళుతుంది. పన్నెండింటికి నడుం వాలుస్తుంది, మూడున్నరకి పిల్లలొస్తారు. ఆవిడ నిద్ర మూడున్నర గంటలేనని ఆ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా లెక్కపెట్టారా అని మా అన్నయ్యని అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. తర్వాతి నెల నుంచి నైట్ వారాల్లో పొద్దుటి వంట ఆయనే చేస్తున్నాడు. ఆడవాళ్లని రాత్రి షిఫ్టుల్లోకి తీసుకోవాలని, వాళ్ల ఇష్టంతో, రవాణా ఏర్పాటుతో అని ప్రభుత్వాలు అంటున్నాయి. ఉద్యోగం కావాలనుకునే ఆడపిల్లకి గేటు దగ్గర అడ్డు చెప్పకూడదు, నేను దానికి అనుకూలమే. కానీ పొద్దున ఆ పిల్లని క్షేమంగా ఇంటి ముందు దింపిన బస్సు వెళ్లిపోయాక, లోపల ఆమెకి నాలుగు గంటలు తలుపేసుకునే గది ఉందా లేదా అన్నది కూడా మాట్లాడాలి.

మేనల్లుడికి చివరికి ఇలా చెప్పాను. పెళ్లి కాలేదు, పని నేర్చుకోవాల్సిన వయసు, ప్లాంటులో చేరు. రాత్రి పూట పెద్దవాళ్లెవరూ లేనప్పుడు రియాక్టర్ ముందు నిలబడి నువ్వే నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది, ఆ పని జనరల్‌లో పదేళ్లకి కూడా రాదు. కానీ చేరేముందు జీతం కన్నా ముందు నాలుగు అడుగు. రోస్టర్ ఎన్ని రోజుల ముందిస్తారు? షిఫ్టులు ముందుకి తిప్పుతారా, వెనక్కా? రిలీవర్ రాకపోతే ఏం చేస్తారు? నైట్ దిగిన రోజు ట్రైనింగులు పెడతారా? హెచ్ఆర్ వాళ్లు చెప్పరు, గేటు బయట టీ కొట్టు దగ్గర బి షిఫ్టువాళ్లని అడుగు. డబుల్ డ్యూటీ చేసిన రోజు బండి తియ్యకు, ఎంతసేపైనా బస్సు కోసం ఆగు. ఐదారేళ్లయ్యాక, ఇల్లూ పిల్లలూ వచ్చాక, సిగ్గుపడకుండా జనరల్ అడుగు.

వాడు అడిగొచ్చాడు. నెల రోస్టర్ ఇస్తారట, ముందుకే తిప్పుతారట. చేరాడు.

వాడు చేరేముందు ఆదివారం నెల్లిమర్ల వెళ్లాను. అక్క వాళ్లింట్లో రోడ్డు వైపు గది వాడిది, వెనక పెరటి వైపు గదిలో బీరువా, బియ్యం డబ్బాలు. సామాను ముందు గదిలోకి మార్చి వాడి మంచం వెనక్కి వేశాం. కిటికీకి దళసరి నల్ల గుడ్డ కొని, అంచులు గోడకి ఆనేలా మేకులు కొట్టాను. నాన్న కుర్చీలో కూర్చుని చూస్తూ, "మాకివేవీ లేవురా" అన్నాడు. "నీకు మీ వీధంతా ఉంది కదా నాన్నా" అన్నాను.

మొన్న గురువారం పదకొండు గంటల వేళ, వాడి మొదటి నైట్ వారం ఎలా ఉందో కనుక్కుందామని అక్కకి ఫోన్ చేశాను. నాలుగు రింగులకి ఎత్తింది. మాట సరిగ్గా వినబడలేదు. గట్టిగా మాట్లాడు అన్నాను. పెరట్లోకి నడిచిన చప్పుడు, తలుపు మెల్లగా దగ్గరికి వేసిన చప్పుడు. అప్పుడు, ఇంకా గుసగుసగానే, "నైట్ చేసొచ్చాడు రా. మూడు దాటాక చెయ్యి" అని పెట్టేసింది.